చెడిపోయే హక్కు

ఈ వారం నా రాతబల్ల మీదికి ఒక అడవిదున్న వచ్చింది. జానెడు పొడవు, మోకాళ్ల దాకా తెల్లకాళ్లు, మిగతా ఒళ్లంతా నలుపు తిరిగిన గోధుమరంగు. తెచ్చినవాడు ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని నోటుపుస్తకం అంచుల నిండా బొమ్మలు గీసిన కోయ కుర్రాడు. పట్నంలో సిరామిక్ పని నేర్చుకున్నాడు. అక్కడి కరెంటు బట్టీలో కాల్చిన దున్నను పాత చీరలో చుట్టి బస్సులో చింతూరు పట్టుకొచ్చాడు. మూట విప్పుతూనే, "సారూ, ముందు కొమ్ములు చూడండి" అన్నాడు.

ఎందుకన్నాడో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. అడవిదున్న అని చీటీ అంటించి గేదెను అమ్మేవాళ్లతో నా పేచీ పాతది. గేదె కొమ్ములు వెనక్కి వాలతాయి. అడవిదున్న కొమ్ములు పక్కలకు సాగి, పైకి లేచి, మొనల దగ్గర లోపలికి తిరుగుతాయి. రెండు కొమ్ముల నడుమ నుదుటి పైన ఎత్తుగా గట్టు ఉంటుంది. భుజాల మీంచి లేచిన ఇంకో గట్టు వీపు సగం దాకా వచ్చి ఠక్కున దిగిపోతుంది. ఆ దిగుడు లేనిదే ఎన్ని రంగులు పూసినా దున్న రాదు. మా వాడు దాన్ని బొటనవేలి నొక్కు ఒక్కదానితో తెచ్చాడు. మందను కళ్లారా చూసినవాడి నొక్కు అది.

ఇక్కడ దున్నను తప్పుగా చేయడం చిన్న విషయం కాదు. పాపికొండలకూ ఈ జంతువుకూ ఉన్న సంబంధం ఎంతదంటే, కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో వేసిన పుస్తకానికి 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అని పేరు పెట్టాడు. కొండల పేరు వదిలేసి దున్న పేరు పెట్టుకున్నాడు. అంతకుముందే, 1938లో, గ్రిగ్‌సన్ బస్తర్ మాడియాల గురించి రాస్తూ ఒక తెగను దున్నకొమ్ముల మాడియాలనే పిలిచాడు. శబరి నదికి ఇటు కోయల కొమ్ము నృత్యంలో మగవాళ్లు తలకు కట్టుకునేవి నిజం దున్నకొమ్ములు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం కనుక, ఇవాళ ఆ కొమ్ములు చాలావరకు తాతల నాటి సొత్తు. అవి విరిగితే కొత్తవి రావు. అందుకే ఈ ప్రాంతంలో పుట్టిన పిల్లవాడు దున్నను మట్టిలో చేస్తున్నాడంటే నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత మెరుపు కనబడింది. ప్రాణం మళ్లీ కూర్చుంది.

గాజుపూత అంటే నాకు గిట్టదు. ఇదీ పాత సంగతే. ఇసుకలోని సిలికా, దాన్ని కరిగించడానికి బూడిదో సున్నమో, పట్టి ఉంచడానికి కొంచెం మట్టి, ఈ మూడూ నీళ్లలో కలిపి పూసి 1200 డిగ్రీలు దాటిస్తే కరిగి, చల్లారాక గాజై ఒంటికి అతుక్కుంటుంది. విద్యగా చూస్తే గొప్పదే. కానీ వేలిముద్రలను మింగేస్తుంది. మట్టిని నొక్కిన చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో కనబడనివ్వదు. నేను మినహాయింపు ఇచ్చింది బరోడా జ్యోత్స్నా భట్ పిల్లులకూ గుడ్లగూబలకూ మాత్రమే. 2020లో కన్నుమూసిన ఆవిడ స్టోన్‌వేర్‌లో చేసిన పిల్లి కళ్లు మూసుకుని కూర్చుంటే, దాని బద్ధకం పూత కిందనుంచి కూడా తెలుస్తుంది. అది అందరికీ వచ్చే పని కాదు.

ఇదంతా చెబితే మా వాడు వినయంగా విని, "మగదున్న ఎండలో నూనె రాసినట్టు మెరుస్తది కదా సారూ, మీరు చూడలేదా?" అన్నాడు. చూశాను. జవాబు చెప్పకుండా టీ తెప్పించాను.

నా అసలు అభ్యంతరం మెరుపు దగ్గర మొదలైనా మెరుపుతో అయిపోదు. ఈ దున్న చెడిపోదు. నీళ్లలో నానదు, ఎండకు పగలదు, వానకు కరగదు. మట్టి జంతువుకు అది సుగుణమని నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

చింతూరుకు కూతవేటు దూరంలోని చట్టి సెంటర్ మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పోతుంది. కిందికి దాని చివర విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం. దాన్ని ఆనుకునే కొండపల్లి, తెల్లపొణికి కర్రతో అంబారీ ఏనుగులు చెక్కే ఊరు. పైకి పోతే కుంట, సుక్మా, జగదల్‌పూర్ దాటాక బస్తర్‌లోని కొండగావ్ వస్తుంది. అక్కడి కుమ్మరులు మట్టి ఏనుగులు, గుర్రాలు చేస్తారు. కర్ర ఏనుగుకూ మట్టి ఏనుగుకూ ఒకటే దారి. కొండపల్లి ఏనుగు అలమరలోకి పోతుంది. బస్తర్ ఏనుగు మొక్కు తీరాక చెట్టు కిందికి, అమ్మవారి ముందుకు పోతుంది.

దాని పనితనం చూడాలి. ఒళ్లు, కాళ్లు సారె మీద డొల్ల గొట్టాల్లా లాగి, కాస్త ఆరాక జారుమట్టితో అతికిస్తారు. మెడ గంటలు, గొలుసులు, అంబారీ అంచులు సన్నటి మట్టితీగలతో పెడతారు. ఎక్కడో ఒకచోట గాలి రంధ్రం వదులుతారు. గట్టిముద్దగా చేస్తే లోపలి తడి ఆవిరై, పోయే దారి లేక ఆవంలోనే బొమ్మను పేల్చేస్తుంది. కట్టెలు, గడ్డి పేర్చిన ఆవం వేడికి ఆ మట్టి కుండలాగే ఎర్రబడుతుంది, కుండలాగే నీళ్లు పీలుస్తుంది. అలా గుడి ముందు పెట్టిన ఏనుగుకు ఆ తర్వాత కాపలా ఉండదు. వాన పడుతుంది, వేరు తోసుకొస్తుంది, మేకపిల్ల ఎక్కి దూకుతుంది. పక్కన కొత్త ఏనుగు వచ్చేసరికి పాతది తొండం పోగొట్టుకుని ఉంటుంది. దాన్నెవరూ బాగుచేయరు.

ఇంకో సంగతి. మొక్కుకున్నది ఒకరు, చేసింది ఇంకొకరు. గుజరాత్ గిరిజనుల మొక్కుబడి మట్టిబొమ్మల మీద హకు షా 1985లో తెచ్చిన పుస్తకంలోనూ వరస ఇదే: కథ గిరిజనుడిది, చెయ్యి కుమ్మరిది. మన కోయలూ తరతరాలుగా కుండలు చేసుకున్నవాళ్లు కారు, కొనుక్కున్నవాళ్లు. ఏ జంతువు కావాలో, ఎందుకు కావాలో చెప్పేవాడూ, ఎలా చేయాలో తెలిసినవాడూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటేనే ఆ ఏనుగు పుట్టేది. ఎగ్జిబిషన్ చీటీ మీద 'ట్రైబల్ ఆర్ట్' అని రాసేవాళ్లకు ఈ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ కనబడరు.

చెడిపోవడం గురించి నాకీ పట్టుదల చింతూరులో వచ్చింది కాదు. కొత్త పాఠకుల కోసం ఒకసారి మా పాలమూరు వెళ్లి రావాలి. పాతవాళ్లు ఓపిక పట్టండి.

మా వైపు జ్యేష్ఠంలో ఏరువాక పున్నమి వెళ్లాక వచ్చే అమావాస్య మట్టెద్దుల అమావాస్య. ఆ ముందురోజు సాయంత్రానికి మా వీధికి కుమ్మరి తాత వచ్చేవాడు. తలమీద గంప, గంపలో తడిగుడ్డ, గుడ్డ కింద ఎద్దులు. ఇంటికొక జత. పైసలు అడిగేవాడు కాదు. కళ్లం నాటి గింజల్లో ఆయన వాటా ఎటూ ఉంది. మా నాయనమ్మ చాటలో ఆ జతను దించుకుని గడప లోపల పీట మీద పెట్టేది. అప్పటికింకా ఒళ్లు తడి. కళ్లు ఉండేవి కావు. కళ్లు పెట్టడం పిల్లల వంతు: ఒక్కో కంటికి ఒక్కో జొన్నగింజ. గింజ లోతుగా నొక్కితే ఎద్దు నిద్రపోతున్నట్టు ఉండేది. పైపైన అంటిస్తే బెదిరినట్టు ఉండేది. మా అక్క పెట్టిన కళ్లు ఎప్పుడూ బెదిరేవి. వీధిలో ఏ ఇంటి ఎద్దులు ఏ పిల్లల చేతివో చూపు బట్టి చెప్పొచ్చు.

తాత ఎద్దులన్నీ ఒక్కలా ఉండేవి కావు. మా పెదనాయన ఎద్దుకు ఎడమ కొమ్ము కొంచెం వంకర. ఆయన ఇంటికిచ్చే జతలో ఒకదానికి తాత ఆ వంకర పెట్టేవాడు. ఎదురింట్లో ముసలెద్దు చచ్చిపోయి కోడెను తెచ్చిన ఏడు, వాళ్ల మట్టిజతలో ఒకటి చిన్న మూపురంతో వచ్చింది. ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఊళ్లో తిరుగుతాడు కనుక చూశాడు, అంతే. మా ఊరి పశువుల లెక్క రెవెన్యూ వాళ్ల కంటే ఆ తాత గంపలో సరిగ్గా ఉండేది. జంతువును చూసి చేయడమంటే ఏమిటో నేను నేర్చుకున్నది అక్కడ. దున్న కొమ్ముల మీద నేను పడే రభసకు మూలమూ అదే.

పసుపు, కుంకుమ, నానబెట్టిన శనగలు, బెల్లం. మట్టితోనే చేసిన గాడిలో నాలుగు పచ్చగడ్డి పోచలు. పూజయ్యాక ఆ ఎద్దులు మా బావిగట్టు మీద ఉండేవి. వాన మంచిదైతే మొదట చెవులు జారేవి, తర్వాత మూపురం, తర్వాత జొన్నగింజలు రాలేవి. ఆ గింజల్లో ఏదో ఒకటి గట్టు పక్కన మొలిచేది కూడా. అది చూసి నేను ఏడ్చిన ఏడాది ఒకటుంది. మరుసటి ఏడు తాత గంప దించగానే అడిగాను: "కుండలు కాలుస్తావు కదా తాతా, ఎద్దుల్నెందుకు కాల్చవు?"

ఆయన గుడ్డ సర్దుకుంటూ అన్నాడు: "కాలిస్తే వచ్చే ఏడు నీకేం పని రా, నాకేం పని?"

నా సిద్ధాంతమంతా ఆ ఒక్క మాటలోంచి వచ్చింది. ఎద్దు కరిగిపోతుంది గనుక మళ్లీ చేయాలి. మళ్లీ చేయాలి గనుక తాత ఊరి పశువులను ఏడాది పొడుగునా చూస్తాడు. పిల్లలు మళ్లీ కళ్లు పెట్టాలి, నాయనమ్మ ఎందుకు పెడుతున్నామో మళ్లీ చెప్పాలి. బొమ్మ చెడిపోతేనే చెయ్యి చెడిపోకుండా ఉంటుంది. కాల్చి అద్దాల పెట్టెలో పెట్టిన రోజు నుంచి బొమ్మ మాత్రమే మిగులుతుంది, తాత గంపకు పని ఉండదు. మ్యూజియంల మీద ఈ కాలమ్‌లో నేను వెళ్లగక్కిన అక్కసంతా ఇందులోంచి వచ్చిందే.

టీ తాగుతూ ఇదంతా మా వాడికి మళ్లీ చెప్పాను. క్లాసులో కూడా విన్నాడు పాపం. చివర ఉపదేశం కూడా ఇచ్చాను: గాజుపూతలు మానెయ్, మీ ఊరి వాగుమట్టితో చెయ్, మీ ముత్యాలమ్మ చెట్టు కింద పెట్టు, వానకు వదిలెయ్.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "మీ తాత వచ్చే ఏడు అన్నాడు గదా సారూ. మాకు వచ్చే ఏడు ఎక్కడుంటమో తెల్వదు. చెట్టు మాతోని రాదు."

చింతూరు బయట చదివే వాళ్లకు ఈ మాట బరువు తెలియడానికి కొంచెం భూగోళం చెప్పాలి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి పోటు మీద ఉంటే శబరి నీళ్లు ముందుకు పోలేక వెనక్కి తన్నుతాయి, చింతూరు దారులు మునుగుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఇక్కడ ఇళ్లు వదిలి గుట్టలెక్కినవాళ్లను అడిగి చూడండి. పెద్దవాళ్లు మాత్రం 75.6 అడుగుల నాటి 1986తోనే పోలుస్తారు. ఆ వరదలు వచ్చాయి, పోయాయి. పోలవరం ప్రాజెక్టు నీళ్లు పోయేవి కావు. పూర్తిమట్టం 45.72 మీటర్లు. ముంపు ఊళ్ల జాబితాలో చింతూరు మండలం ఊళ్లూ ఉన్నాయి. ఆ ప్రాజెక్టు కోసమే 2014లో ఈ మండలాన్ని ఖమ్మం జిల్లా నుంచి తీసి తూర్పుగోదావరిలో కలిపారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. అంతకుముందు 1959 దాకా ఉన్నదీ తూర్పుగోదావరిలోనే. మనుషులు కదలకుండానే జిల్లాలు మారడానికి ఇక్కడివాళ్లు అలవాటుపడ్డారు. ఇప్పుడు కదలాల్సింది మనుషులు.

కుమ్మరి తాత మాటలో ఒక షరతు దాగి ఉంది. 'వచ్చే ఏడు' అనాలంటే అదే ఊరు, అదే వీధి, అదే గడప ఉండాలి. చేసేవాడు గంపతో నడిచి రాగల దూరంలో ఉండాలి. పాలమూరులో మాకు కరువు ఉండింది, వలస ఉండింది, బొంబాయి పోయినవాళ్లు ఉన్నారు. కానీ తిరిగొస్తే ఊరు ఉన్నచోటే ఉండేది. అందుకే ఆ షరతును పలకాల్సిన అవసరం తాతకు రాలేదు. బస్తర్ ఏనుగు చెట్టు కింద నిశ్చింతగా శిథిలం కావడానికి కూడా ముందు చెట్టు ఉండాలి. చెడిపోవడం ఒక హక్కు. నిలకడగా ఉన్న ఊళ్లకే ఆ హక్కు ఉంటుంది. మునిగే ఊరిలో పచ్చిమట్టి బొమ్మను వానకు వదిలెయ్యమని చెప్పడం, ఎలాగూ అన్నీ పోగొట్టుకుంటున్నవాడిని ఇంకొకటి పోగొట్టుకో, అందంగా ఉంటుంది అనడమే.

మట్టి ఏం గుర్తుంచుకుంటుందో కూడా చూడండి. మా మక్తల్ వైపు ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ బూడిదదిబ్బ తవ్వితే, పశువుల దొడ్లలో పేడ తగలబెట్టిన పొరల మధ్య నాలుగు వేల ఏళ్లు దాటిన గిట్టల అచ్చులు బయటపడ్డాయి. ఆ పశువులు తమ బొమ్మను తామే వేసుకుని పోయాయి. ఇటు సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో 1940ల నాటి తవ్వకాల్లో దొరికిన శాతవాహనుల కాలపు బొమ్మల్లో కొన్ని తెల్లటి చీనామట్టివి. రెండు అచ్చుల్లో విడివిడిగా ఒత్తి, డొల్లగా అతికి, కాల్చినవి. మనుషులతో పాటు గుర్రాలు, ఎద్దులు, ఏనుగులు. ఆ రోజుల్లో రైతులు పచ్చిమట్టి ఎద్దులూ చేసే ఉంటారు. వాటిలో ఒక్కటీ మనదాకా రాలేదు, రాదు కూడా. 500 డిగ్రీలు దాటిన మట్టిలోంచి అణువుల్లో ఇమిడిన నీరు కూడా వెళ్లిపోతుంది. దాన్ని ఏ వానా మళ్లీ బురద చేయలేదు. ఊరు పోయి, పేరు పోయి, రాజు పోయినా కొండాపూర్ గుర్రం ఉండడానికి కారణం ఎవరో దాన్ని ఆవంలో పెట్టడం. స్టోన్‌వేర్ ఇంకో మెట్టు పైన, మా వాడి దున్న అలాంటిదే. దాని రేణువులే కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, నీరు లోపలికి దిగదు. వరదబురదలో మునిగినా తీసి కడుక్కోవచ్చు. లారీ ఎక్కించుకుని పోవచ్చు. పూత గాజుదైతే కడగడం ఇంకా తేలిక. ఈ వాక్యం నా కలంలోంచి వస్తుందని నా పాఠకులు అనుకుని ఉండరు.

అయితే వట్టి బట్టీ చాలదు. పాత పద్ధతిలోని ఆ ఇద్దరూ కావాలి. కోయల ఇంటిపేర్ల కథలు డోలి కళాకారుల నోట, పడిగెలనే జెండాగుడ్డల మీద బొమ్మల్లో ఉన్నాయి. ఆ కథలు చెప్పిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. అలాంటి పెద్దలు ఇంకా ఉన్న ఊళ్లలో, ఏ జంతువు చేయాలో వాళ్లే చెప్పాలి. పర్యాటకులు అడుగుతారని ముందు పులిని చేయకూడదు. నన్నడిగితే తాబేలుతో మొదలుపెట్టమంటాను. కోయ భాషకు చుట్టమైన గోండీలో లింగో కథ ఉంది, హిస్లాప్ సేకరించినది 1866లోనే అచ్చయింది. గోండులు పొంగిన నదిని దాటాల్సి వచ్చినప్పుడు నేను దించుతానని మొసలి ముందుకొస్తుంది, నడుమకు వెళ్లాక ముంచబోతుంది. తాబేలు వాళ్లను వీపు మీద ఎక్కించుకుని ఒడ్డుకు చేరుస్తుంది. 'నీకూ నీ వాళ్లకూ ఎప్పుడూ హాని చేయం' అని వాళ్లు దానికి మాట ఇస్తారు. వరద కథ, ఒడ్డు దాటించిన జంతువు. పైగా పని నేర్చుకునేవాడికి అంతకంటే మంచి మొదటి పాఠం లేదు: సారె మీద తీసిన గిన్నెను బోర్లించి తల, నాలుగు కాళ్లు అతికితే తాబేలే. డొల్ల గనుక పేలదు. మా వాడు విని, "మొసలిని కూడా చెయ్యాలి సారూ, దాన్ని మర్చిపోవద్దు" అన్నాడు. చెయ్యాల్సిందే.

ఇంకొకటి కూడా వాడే అన్నాడు: బొమ్మ కాళ్ల కింద తన పేరు రాయడట, ఊరి పేరు చెక్కుతాడట. కళాకారులకు ఇది నచ్చకపోవచ్చు. నాకు నచ్చింది. బస్తర్ కుమ్మరీ పేరు రాసుకోడు, కానీ అక్కడ ఊరి పేరు రాయాల్సిన అవసరమూ లేదు.

కాబట్టి అధికారుల్లో ఎవరైనా ఈ కాలమ్ చదువుతుంటే నా అర్జీ ఇది. గోదావరి దిగువన ద్వారకా తిరుమల వైపు స్టోన్‌వేర్‌కు పనికొచ్చే బాల్ క్లే దొరుకుతుంది. పుదుచ్చేరిలో 1971లో మొదలైన గోల్డెన్ బ్రిడ్జ్ పోటరీలో ఈ పని నేర్చుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. మట్టీ ఉంది, నేర్పే వాళ్లూ ఉన్నారు. పునరావాస కాలనీల్లో ఒక షెడ్డు, ఒక బట్టీ, పెద్దవాళ్లు కూర్చోవడానికి ఒక అరుగు కావాలి. అరుగు ముందు కట్టండి, కథ ఖాయమయ్యాకే బట్టీ వెలిగేది. చేసిన వాటిలో ఒక జత అమ్ముడుపోని చోట, కొత్త కాలనీ అమ్మవారి దగ్గర ఉండాలి. మిగతావి అద్దాల పెట్టెల్లోకి పోయినా ఇక నేను గొడవ చేయను.

మా పాలమూరు వాళ్లకు మాత్రం ఒక మాట. ఇది చదివి మట్టెద్దులకు గాజుపూత పూసే ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి ఆగండి. బావిగట్టు మీద వానకు వదిలెయ్యండి. మీకు వచ్చే ఏడు ఇంకా అదే చిరునామాకు వస్తుంది.